ఎక్స్‌పీడీ: ప్రొటీన్ ఒక్కటే, చేసే పనులు రెండు

మీ ఉత్తరం పొడుగ్గా ఉంది కాబట్టి మిగతావాళ్ల కోసం ముందు కుదించి రాస్తున్నాను. మీది ముమ్మిడివరం దగ్గర ఊరు. మీ అక్కను సొంత మేనమామకే ఇచ్చారు. వాళ్ల పాపకు నాలుగేళ్లు. ఏడాది నిండకముందే కాస్త ఎండ తగిలినా ముఖం కమిలి బొబ్బలెక్కేది. రెండో ఏడు వచ్చేసరికి బుగ్గల మీద, ముక్కు మీద, ముంజేతుల మీద గోధుమరంగు మచ్చలు మొదలయ్యాయి. జన్యు పరీక్ష చేయిస్తే ఈఆర్‌సీసీ2 అనే జీన్ రెండు కాపీల్లోనూ ఒకే మార్పు ఉందని వచ్చింది: దాన్నుంచి వచ్చే ప్రొటీన్‌లో 683వ స్థానంలో ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సింది, ట్రిప్టోఫాన్ అనే వేరే అమైనో ఆమ్లం ఉంది. జబ్బు పేరు జీరోడెర్మా పిగ్మెంటోసమ్ అన్నారు, పొట్టిగా ఎక్స్‌పీ. ఒక డాక్టరుగారు ఇది డీఎన్‌ఏ రిపేరు చేసే ప్రొటీన్ లోపం అన్నారు, మీరు నెట్‌లో చూస్తే జీన్లను చదివించే ప్రొటీన్ అని కనిపించింది. ఏది నిజం, ఊరు వదిలేయాలా, మీకు అనుకుంటున్న పెద్ద మేనమామ కూతురి సంబంధం చేసుకోవచ్చా అని అడిగారు.

చర్మవ్యాధుల డాక్టరుగా నా ప్రాక్టీసంతా గోదావరి జిల్లాల్లోనే గడిచింది. ఇలాంటి పిల్లల్ని చూశాను. మీరు అడిగిన మొదటి ప్రశ్నను చాలామంది 'మనకెందుకులే ఆ సైన్సు' అని వదిలేస్తారు గాని, పాపకు ముందు ముందు ఏం చూసుకోవాలో తేలేది అక్కడే. అందుకే దాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

డాక్టరుగారు చెప్పిందీ నిజమే, నెట్‌లో ఉన్నదీ నిజమే. ఈఆర్‌సీసీ2 జీన్ 19వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. దాన్నుంచి తయారయ్యే ప్రొటీన్ పేరు ఎక్స్‌పీడీ, 760 అమైనో ఆమ్లాల గొలుసు. ఇది విడిగా తిరగదు. టీఎఫ్‌టూహెచ్ అని పది రకాల ప్రొటీన్లు కలిసిన జట్టు ఒకటి ప్రతి కణంలోనూ ఉంటుంది, అందులో ఇదొకటి. కణం ఏ జీన్‌నైనా వాడుకోవాలంటే ముందు దాన్ని ఆర్‌ఎన్‌ఏగా రాసుకోవాలి (ఇంటర్ పుస్తకంలో అనులేఖనం అని చదివే ఉంటారు). రాసుకోవాలంటే డీఎన్‌ఏ పేట రెండు పోగులూ ఆ చోట విడిపోవాలి. విడదీసే పని ఈ జట్టుది, అందులో ప్రధానంగా ఎక్స్‌పీబీ అనే ప్రొటీన్‌ది. జట్టులోనే మూడు ప్రొటీన్ల చిన్న ముక్క మరొకటి ఉంటుంది. రాసే ఎంజైమ్ తోకకు ఫాస్ఫేట్లు తగిలించి దాన్ని బయల్దేరదీసేది అది. ఆ చిన్న ముక్కను మిగతా జట్టుతో కలిపి పట్టి ఉంచేది మన ఎక్స్‌పీడీ. గమనించండి, ఈ పనిలో ఎక్స్‌పీడీ తన శక్తి ఏమీ ఖర్చుపెట్టనక్కర్లేదు. దాని చోట అది కుదురుగా ఉంటే చాలు.

రిపేరు దగ్గరకొస్తే అలా కాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, అదే యూవీ, చర్మకణంలోని డీఎన్‌ఏలో పక్కపక్కనున్న రెండు అక్షరాలను ఒకదానికొకటి అతికించేస్తాయి. ఎండలోకి వెళ్లిన ప్రతివాడికీ ఇది జరుగుతుంది, మీకూ నాకూ కూడా. ఆ అతుకును ఎక్స్‌పీసీ అనే ప్రొటీన్ పసిగడుతుంది, లేదా జీన్‌ను రాసుకుంటూ పోతున్న ఎంజైమే అక్కడ ఆగిపోయి కబురు పెడుతుంది. అప్పుడు టీఎఫ్‌టూహెచ్ జట్టు వచ్చి పోగులు విడదీస్తుంది. ఎక్స్‌పీడీ ఒక పోగు పట్టుకుని, కణానికి ఇంధనంలా పనిచేసే ఏటీపీని ఖర్చు చేస్తూ, ఒకే దిక్కుగా దాని వెంట నడుస్తుంది. అతుకు దగ్గర ముందుకు కదల్లేక నిలిచిపోతుంది. అది నిలిచిపోవడమే 'దెబ్బ నిజంగా ఇక్కడే ఉంది' అనడానికి రుజువు. ఆ తర్వాత రెండు ఎంజైములు అటూ ఇటూ కత్తిరిస్తే సుమారు 30 అక్షరాల ముక్క ఊడివస్తుంది, ఎదుటి పోగును చూసుకుని ఖాళీని పూడుస్తారు, చివర అతుకు వేస్తారు. ఈ పద్ధతిని విడమరిచినందుకే అజీజ్ సాంజార్‌కు 2015లో కెమిస్ట్రీ నోబెల్‌లో భాగం వచ్చింది.

జబ్బును వియన్నా డాక్టర్లు హెబ్రా, కపోసీ 1870ల్లోనే వర్ణించారు. అది రిపేరు లోపమని జేమ్స్ క్లీవర్ తేల్చింది 1968లో. రిపేరు చేసేవాళ్లూ, జీన్లను చదివించేవాళ్లూ ఒకే జట్టని 1993లో బయటపడింది, ముందు ఎక్స్‌పీబీ విషయంలో, ఆ వెంటనే ఎక్స్‌పీడీ విషయంలో. అప్పటిదాకా ఈ రెండు పనుల మీద పరిశోధన చాలావరకు వేర్వేరుగానే సాగింది. నెట్‌లో మీకు రెండు రకాల మాటలు కనిపించడానికి ఆ చరిత్ర కూడా కొంత కారణం.

ఇప్పుడు అసలు సంగతి. పెళ్లి పందిట్లో ఒక రాటకు ఫ్యాను కట్టారనుకోండి. ఫ్యాను తిరగకపోతే గాలి రాదు, అంతే, పందిరి నిలబడే ఉంటుంది. రాటే పుచ్చిపోతే పందిరి మొత్తం కుంగుతుంది. ఎక్స్‌పీడీ జీన్‌లో మార్పు ఏ చోట వచ్చిందన్నదాన్ని బట్టి ఈ రెండింటిలో ఏదో ఒకటి జరుగుతుంది. పోగు వెంట నడిచే శక్తి మాత్రమే పోతే రిపేరు ఆగుతుంది, జీన్లు చదవడం దాదాపు మామూలుగానే సాగుతుంది. వచ్చేది ఎక్స్‌పీ. ప్రొటీన్ నిలకడే దెబ్బతింటే జట్టు మొత్తం పలచబడుతుంది, జీన్లు చదవడం కూడా తగ్గుతుంది. అప్పుడు వచ్చేది ట్రైకోథయోడిస్ట్రఫీ అనే వేరే జబ్బు. ఆ పిల్లలకు జుట్టు పెళుసుగా విరిగిపోతుంది, వెంట్రుకలో గంధకం తక్కువ, ప్రత్యేకమైన మైక్రోస్కోపులో వెంట్రుక మీద పులిచారలు కనిపిస్తాయి. ఎదుగుదల, బుద్ధి మందగిస్తాయి. కొందరికి ఎండ కూడా పడదు. అయినా వాళ్లకు చర్మ క్యాన్సర్లు ఎక్స్‌పీలో లాగా రావు. జీన్ అదే, ప్రొటీన్ అదే!

ఈ నిలకడ మాట ఉత్త సిద్ధాంతం కాదు. ఎక్స్‌పీడీలో 658వ చోట ఒక మార్పు ఉన్న ట్రైకోథయోడిస్ట్రఫీ పిల్లలకు మామూలు రోజుల్లో జుట్టు కాస్త బాగానే ఉండి, జ్వరం వచ్చినప్పుడల్లా ఊడిపోతుంది. వాళ్ల ఎక్స్‌పీడీ ఒంటి వేడి పెరిగితే తట్టుకోలేదు. జట్టు చెదిరి, జుట్టు తయారుచేసే కణాల్లో జీన్లు చదవడం పడిపోతుంది. జ్వరం తగ్గాక మళ్లీ మొలుస్తుంది. 2001లో దీన్ని ప్రచురించారు. ఒక్క అమైనో ఆమ్లం మారితే జ్వరానికి జుట్టు రాలడమనేది నన్నడిగితే వైద్యంలో చదివిన విచిత్రాల్లో పైవరసలో ఉంటుంది.

మీ పాప రిపోర్టులోని 683వ మార్పు ఎక్స్‌పీ వైపుది. ఎక్స్‌పీడీ రకం ఎక్స్‌పీ ఉన్నవాళ్లలో పలు దేశాల్లో ఎక్కువగా దొరికే మార్పు ఇదే. జుట్టు ఒత్తుగా, మామూలుగా ఉందని మీరు రాసింది కూడా దానికి సరిపోతోంది. అంటే మనం ప్రధానంగా చూసుకోవాల్సింది చర్మం, కళ్లు. అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. ఎక్స్‌పీ ఉన్నవాళ్లలో సుమారు నాలుగో వంతు మందికి కాలక్రమేణా నరాల సమస్యలు వస్తాయి, బాల్యంలోనే బొబ్బలెక్కే రకాల్లో ఇది ఎక్కువ, ఎక్స్‌పీడీ అందులోదే. కాబట్టి ఏటా వినికిడి పరీక్ష చేయించండి. పిల్లల డాక్టరుతో మోకాలి, మడమ రిఫ్లెక్సులు, తల చుట్టుకొలత చూపించి రాయించి ఉంచండి. బడిలో మాట వినిపించుకోవట్లేదని టీచరు అంటే అల్లరి అనుకోకండి.

బొబ్బల గురించి చిన్న మాట. ఎక్స్‌పీ పిల్లలకు ఎండ దెబ్బ అప్పటికప్పుడు కనిపించదు, రెండు మూడు రోజులకు ముదురుతుంది, తగ్గడానికి వారాలు పడుతుంది. అందుకే ఇంట్లోవాళ్లకు ఎండతో లంకె తట్టదు. పుట్టిన బిడ్డ పచ్చగా ఉందని మన ఇళ్లల్లో లేత ఎండలో పడుకోబెడతారు కదా, ఆ తర్వాత ఎప్పుడో ముఖం కమిలితే నలుగుపిండి పడలేదనో, అమ్మవారు పోసిందనో అనుకుంటారు. వేడి పాలు మీద పడేశారని తల్లిని తిట్టిన ఇళ్లు కూడా ఉన్నాయి. మీ అక్కను గ్రహణంలో బయట తిరిగిందని ఎవరో అన్నారని రాశారు. అన్నవాళ్లకు ఈ కాగితం చదివి వినిపించండి. ఇందులో ఆవిడ చేసిందీ లేదు, చేయనిదీ లేదు. బొబ్బలెక్కే పిల్లల విషయంలో ఒక మేలు కూడా ఉంది: జబ్బు త్వరగా దొరుకుతుంది, ఎండ నుంచి త్వరగా కాపాడతారు. బొబ్బలెక్కకుండా మచ్చలు మాత్రమే వచ్చే రకాల్లో పిల్లలు ఏళ్ల తరబడి ఎండలో ఆడేసుకుంటారు, క్యాన్సర్లు వాళ్లకే ముందు వస్తాయి.

క్యాన్సర్ మాట అనేశాను కాబట్టి అంకెలు కూడా. ఇరవై ఏళ్లలోపు ఎక్స్‌పీ వాళ్లకు మెలనోమా (రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్) కాని చర్మ క్యాన్సర్లు వచ్చే అవకాశం మామూలువాళ్ల కంటే 10,000 రెట్లు ఎక్కువ. అమెరికాలో ఎన్‌ఐహెచ్ అనే ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ వాళ్లు 1971 నుంచి 2009 వరకు 106 మందిని గమనిస్తే, అలాంటి మొదటి క్యాన్సర్ వచ్చిన మధ్యస్థ వయసు 9 ఏళ్లు. టెన్షన్ పెట్టడానికి చెప్పట్లేదు. నాలుగేళ్లకే తెలిసింది కాబట్టి చేతిలో ఉన్న సమయం విలువ తెలియాలని చెబుతున్నాను. ఎండ తగలకపోతే ఆ అతుకులు పడవు. అతుకు పడకపోతే ఎక్స్‌పీడీ లేని లోటూ తెలియదు.

ఇక ఊరు వదలడం. అక్కర్లేదు. హైదరాబాదులో ఉన్నదీ ఇదే సూర్యుడు. మారాల్సింది ఇల్లు. యూవీలో బి రకాన్ని మామూలు కిటికీ అద్దం చాలావరకు ఆపుతుంది, ఎ రకాన్ని ఆపదు. అందుకని కిటికీలకు, కారుకు యూవీ ఆపే పారదర్శక ఫిల్మ్ వేయించండి. సూర్యుడి వైపు తెరిచి ఉండే వీధి అరుగు, పెరటి వసారా పగటిపూట పాపకు పనికిరావు. పెంకుటింట్లో గవాక్షాల నుంచి పడే ఎండ చారను కూడా చూసుకోవాలి. లోపల ఎల్‌ఈడీ బల్బులు పెట్టండి, పాత ట్యూబులైట్లు, హాలోజన్లు తీసేయండి. పెళ్లిళ్లలో వీడియోవాళ్లు పట్టుకునే ఫోకస్ లైట్లకు దూరం.

మన వైపు రెండు భ్రమలు బాగా ఉన్నాయి. ఒకటి కొబ్బరితోట నీడ. చల్లగా ఉంటుంది గాని యూవీ సూటిగా సూర్యుడి నుంచే కాదు, ఆకాశమంతటి నుంచీ చెదిరి వస్తుంది. మట్టల సందుల్లోంచి అది దిగుతూనే ఉంటుంది. రెండోది ముసురు. శ్రావణంలో నాలుగు రోజులు మబ్బు పట్టి ఉంటే పిల్లను చేలగట్టుకు తీసుకెళ్తారు. పలచటి మబ్బులోంచి 80 శాతం దాకా యూవీ వచ్చేస్తుంది. వేడికీ యూవీకీ సంబంధం లేదు, ఇది ఇంట్లో ముసలివాళ్లకు ఒకటికి రెండుసార్లు చెప్పండి. చేతిలో పట్టే యూవీ మీటరు దొరుకుతుంది. కొంటే ఈ వాదనలన్నీ దానితోనే తీర్చుకోవచ్చు.

బట్టల విషయంలో తెల్లటి పలచని నూలు గౌను వద్దు, చెమటకు తడిస్తే ఇంకా వద్దు. దళసరి నేత, ముదురు రంగు, పొడుగు చేతులు, సాక్సులు. గుడ్డను బల్బుకు అడ్డం పెట్టి చూడండి. వెలుతురు చుక్కలు చుక్కలుగా కనబడితే అది పాపకు కాదు. బయటికి తప్పనిసరైతే ముఖానికి యూవీ ఆపే పారదర్శక ముసుగు ఉండే టోపీ కుట్టించుకోవచ్చు. సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 50 పైన ఉన్నది, ధారాళంగా, పెదవులకూ చెవుల వెనకా కూడా రాయాలి. కోనసీమ ఉక్కపోతకు రెండు గంటల్లో కారిపోతుంది, మళ్లీ రాయాలి. అయినా సన్‌స్క్రీన్‌ను ఆఖరి కాపలాగానే చూడండి, మొదటిది గుడ్డే. కళ్లకు 400 నానోమీటర్ల వరకు ఆపే పాలికార్బొనేట్ అద్దాలు, పక్కలు మూసినవి. వెలుతురు చూడలేకపోవడం, కళ్లు ఎర్రబడటం మొదలైతే ఆలస్యం చేయకుండా కార్నియా చూసే డాక్టరు దగ్గరకు వెళ్లండి. విజయవాడ, విశాఖల్లో ఎల్‌వీ ప్రసాద్ వాళ్ల కంటి ఆసుపత్రులున్నాయి.

ఎండ తగలదు కాబట్టి డి విటమిన్ తగ్గుతుంది. రక్తపరీక్ష చేసి చుక్కలు వేయించాలి. పులస తినిపిస్తే సరిపోతుందా అని ఒక తాతగారు నన్ను గట్టిగానే అడిగారు. కొవ్వున్న చేపలో కొంత ఉంటుంది, తినిపించండి, చుక్కలు మాత్రం మానకండి. తాతగారి సంగతి వచ్చింది కాబట్టి: ఇంట్లో ఎవరైనా లంక పొగాకు చుట్ట కాలిస్తే ఆపేయాలి, కనీసం గుమ్మం బయటికి పంపాలి. పొగలోని బెంజోపైరీన్ అనే విషం డీఎన్‌ఏకు అంటుకుంటే దాన్ని తీసేసేదీ ఈ రిపేరు జట్టే.

ఎక్స్‌రే తీయించాల్సి వస్తే భయపడొద్దు. ఎక్స్‌రే దెబ్బలను బాగుచేసే దారి ప్రధానంగా వేరు. డాక్సీసైక్లిన్ లాంటి, ఒంటికి ఎండను తట్టుకోలేకుండా చేసే మందులు రాసేముందు మాత్రం ఎక్స్‌పీ ఉందని డాక్టరుకు చెప్పాలి. ఎప్పుడైనా క్యాన్సర్ మందుల దాకా వెళ్తే సిస్‌ప్లాటిన్ గురించి ప్రత్యేకంగా అడగాలి, ఎందుకంటే ఆ మందు డీఎన్‌ఏలో చేసే అతుకులనూ తీయాల్సింది ఈ జట్టే. ఈ మూడు ముక్కలూ ఒక కార్డు మీద రాసి పాప ఫైలుకు పిన్ చేయండి.

మూడు నెలలకోసారి చర్మ డాక్టరు, నెలకోసారి ఇంట్లో అమ్మ. స్నానం చేయించేటప్పుడు ట్యూబులైటు కింద కాదు, మంచి ఎల్‌ఈడీ వెలుతురులో, మాడు, కనురెప్పల అంచులు, పెదవులు, నాలుక కొన కూడా చూడాలి. నాలుక కొనకూ ఎండ తగులుతుంది మరి. ఫోనులో అదే కోణంలో ఫొటోలు తీసి పెట్టుకోండి. మూడు వారాలైనా మానని పుండు, పెరుగుతున్న నల్లమచ్చ, ముత్యంలా మెరిసే బొడిపె కనిపిస్తే వచ్చే నెల అపాయింటుమెంటు దాకా ఆగొద్దు. చిన్నగా ఉన్నప్పుడు తీసేస్తే మచ్చ కూడా పెద్దగా మిగలదు. ఎక్స్‌పీని పూర్తిగా నయం చేస్తామని క్రీములు, లేపనాలు అమ్మేవాళ్లకు డబ్బు పోయకండి.

ఇక మీ పెళ్లి. ఈ జబ్బు రావాలంటే రెండు కాపీలూ చెడాలి. ఒక్కటే చెడినవాళ్లు వాహకులు, వాళ్లకు జబ్బు ఉండదు. మీ అక్క, మీ బావగారు (ఆయన మీకు మేనమామ కూడా) ఇద్దరూ వాహకులే. ఇద్దరికీ ఉన్నది ఒకే మార్పు కాబట్టి అది మీ అమ్మగారి పుట్టింటి నుంచి వచ్చిందనుకోవడమే సబబు. మీ అమ్మమ్మ, తాతయ్యల్లో ఒకరికి ఉండి, అక్కణ్ణుంచి మీ అమ్మగారికి, మీ బావగారికి దిగింది. ఆ లెక్కన మీరు వాహకులయ్యే అవకాశం సగం. మీ పెద్ద మేనమామకు సగం, ఆయన కూతురికి పావు. ఇద్దరూ వాహకులయ్యే అవకాశం ఎనిమిదింట ఒకటి, మీకు పుట్టే బిడ్డకు ఈ జబ్బు వచ్చే అవకాశం ముప్ఫైరెండింట ఒకటి. ఇది పరీక్షకు ముందు లెక్క. మార్పు ఏదో తెలిసిపోయింది కాబట్టి మీకు చేయాల్సిన పరీక్ష చిన్నది, ఆ ఒక్క చోటే చదువుతారు. ముందు మీరొక్కరే చేయించుకోండి. మీకు లేదని వస్తే ఈ జబ్బు వరకు భయం లేదు, ఆ అమ్మాయిని పరీక్షకు లాగాల్సిన పనే ఉండదు. మీకు ఉంటే అప్పుడు ఆ అమ్మాయికి. ఇద్దరికీ ఉంటే చేసుకోవాలా వద్దా అన్నది మీ ఇద్దరి నిర్ణయం, పెద్దలది కాదు. మేనరికాలు మంచివా చెడ్డవా అన్న ఉపన్యాసం ఇక్కడ ఇవ్వను. మీ ఇంట్లో ఈ ఒక్క మార్పు సంగతి మాత్రం బయటపడింది, మిగతా జీన్ల సంగతి ఈ పరీక్ష చెప్పదు.

మీ అక్క రెండో కాన్పు అనుకుంటే ప్రతిసారీ నాలుగింట ఒకటి. గర్భం 11 నుంచి 13 వారాల మధ్య మాయ ముక్క తీసి చూడొచ్చు. 1994 చట్టం నిషేధించింది ఆడా మగా చెప్పడాన్ని, జన్యుజబ్బుల పరీక్షను కాదు. గర్భం రాకముందే వెళ్లి మాట్లాడి పెట్టుకుంటే హడావుడి ఉండదు. హైదరాబాదులో నిమ్స్ మెడికల్ జెనెటిక్స్ విభాగం, సీడీఎఫ్‌డీ అనే డీఎన్‌ఏ పరీక్షల కేంద్రం ఇలాంటివి చూస్తాయి. పాప అసలు రిపోర్టు, జెరాక్సు కాదు, వెంట తీసుకెళ్లండి.

బడి మానిపించాలా అని చివర్లో అడిగారు. మానిపించొద్దు. హెడ్‌మాస్టరుతో కూర్చుని మాట్లాడండి. కిటికీకి దూరంగా లోపలి వరసలో బెంచీ, ఆ గది కిటికీలకు ఫిల్మ్, ప్రార్థన ఎండలో జరిగితే పాప తరగతిలోనే, డ్రిల్లు పీరియడ్లో లోపల ఆడే ఆట. రానూ పోనూ ఆటోలో కాదు, అద్దాలున్న బండిలో. పొద్దు గూకాక మాత్రం ఊరంతా పాపదే. అంతర్వేది కల్యాణం రాత్రిపూటే కాబట్టి తీసుకెళ్లండి, మర్నాడు పగటి రథోత్సవానికి మాత్రం టీవీ ముందు కూర్చోబెట్టండి.